వాదనలో ఎప్పుడూ బొమ్మదే పైచేయి

1990 ఏప్రిల్ 6 రాత్రి. అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో జానీ కార్సన్ ‘టునైట్ షో’ నడుస్తోంది. ఆనాటి అతిథుల్లో బాబ్ హోప్, బీబీ కింగ్ లాంటి హేమాహేమీలున్నారు. వాళ్లతోపాటు ఇంకా 28 నిండని ఓ టెక్సస్ కుర్రాడు జెఫ్ డన్హమ్ బొమ్మలతో వచ్చి కాసేపు నవ్వించాడు. అతనో వెంట్రిలాక్విస్టు, అంటే తన పెదవులు కదపకుండా బొమ్మే మాట్లాడుతున్నట్టు భ్రమ కల్పించేవాడు. అతని వంతు అయిపోగానే కార్సన్ పిలిచి, పక్కనున్న సోఫాలో కూర్చోమన్నాడు. ఆ షోకి మొదటిసారి వచ్చిన కమెడియన్లలో చాలామంది దండం పెట్టి తెర వెనక్కి వెళ్లిపోవడమే. సోఫా మీదికి పిలుపొచ్చిందంటే మాత్రం దేశంలో కామెడీ క్లబ్బులు నడిపేవాళ్లందరికీ కబురు అందినట్టే.

డన్హమ్ కూర్చున్నాడు. వాల్టర్‌ని బయటికి తీశాడు. చేతులు కట్టుకుని, మూతి ముడుచుకుని, లోకం మొత్తం తనకు బాకీ పడ్డట్టు చూసే ముసలాయన బొమ్మ అది. పక్కనే కార్సన్ సహచరుడు ఎడ్ మెక్‌మాన్ ఉన్నాడు. లక్షల డాలర్ల బహుమతి మీదేనేమో అని ఊరిస్తూ ఇంటింటికీ వచ్చిపడే పత్రికల చందా ఉత్తరాలకు ఆ రోజుల్లో ఆయనే ప్రచారకర్త. వాల్టర్ ఆయన వైపు తిరిగి, నీ దిక్కుమాలిన ఉత్తరాలు నాకు పంపడం ఆపమని కసిరాడు. స్టూడియో ఘొల్లుమంది.

అదే మాట డన్హమ్ తన నోటితో తానుగా అని ఉంటే? మొదటిసారి పెద్దింటికి భోజనానికొచ్చి ఇంటాయన్ని ఎగతాళి చేసిన కుర్రాడయ్యేవాడు. వాల్టర్ అన్నాడు కాబట్టి డన్హమ్ కూడా మిగతావాళ్లలాగే ఇబ్బందిపడి, అయ్యో ఊరుకో అన్నట్టు మొహం పెట్టొచ్చు. మాట అతనిదే, తప్పు మాత్రం బొమ్మది. పెదవులు కదలకుండా మాట్లాడటం ఈ విద్యకు గుమ్మం లాంటిది. లోపలికి వెళ్లాక బతుకుతెరువు నడిచేది ఈ తప్పు బదలాయింపు మీదే. డన్హమ్ అర్ధ శతాబ్దపు వృత్తి జీవితంలో ఎక్కడెక్కడ గెలిచాడో, ఎక్కడ తడబడ్డాడో చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

గుమ్మం సంగతి ముందు. వెంట్రిలాక్విజం అన్న మాటకు లాటిన్ మూలంలో అర్థం కడుపుతో మాట్లాడటం. కడుపుకీ దీనికీ సంబంధం లేదు. గొంతు గొంతులోంచే వస్తుంది, నాలుక నోట్లోనే ఆడుతుంది. పళ్లు దాదాపుగా కలిపి, పెదవులు కొద్దిగా విడదీసి, చిరునవ్వు లాంటి మొహంతో అద్దం ముందు నిలబడి మాట్లాడితే మన అక్షరమాలలో చాలా హల్లులు ఇబ్బంది లేకుండా పలుకుతాయి. క నుంచి ఙ దాకా, చ నుంచి ఞ దాకా, ట వర్గం, త వర్గం అన్నీ నాలుక చూసుకునే పనులు. చిక్కంతా ప వర్గంతోనే. ప, ఫ, బ, భ, మ పెదవులు కలవనిదే పుట్టవు. వ అనాలంటే కింది పెదవి పై పళ్ల దాకా వెళ్లాలి.

వెంట్రిలాక్విస్టులు వీటికి దొంగ బదులు వాడతారు. ప బదులు త, బ బదులు ద, మ బదులు న. ఊరికే అక్షరం మార్చేస్తే ‘మామిడిపండు బాగుంది బాబాయ్’ అన్నది ‘నానిడితండు దాగుంది దాదాయ్’ అవుతుంది. అభ్యాసం చేసినవాడు నాలుకను పళ్ల వెనక కొంచెం మెత్తగా తాకించి, లోపల ‘ప’ అనే అనుకుంటూ ‘త’ను వదులుతాడు. మిగతా పని వినేవాడి చెవి చేసిపెడుతుంది. మామిడిపండు అన్న మాట మనకు తెలుసు కాబట్టి అదే వినపడుతుంది. తెలుగులో ఇంకో తలనొప్పి ఉంది. మన మాటల్లో సగం ఉకారంతో ముగుస్తాయి. రాముడు, ఇల్లు, చెట్లు, వచ్చాడు. పెదవి గుండ్రంగా చుట్టకుండా ఆ ఉకారాన్ని తేల్చడం దానికదే ఒక సాధన.

పెదవులతో ఈ పేచీ మనకు కొత్త కాదు. దండి రాసిన దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడు ప్రియురాలి పంటిగాట్లతో కందిన పెదవులు కలపలేక, తన కథనంతా ఓష్ఠ్యాలు, అంటే పెదవులతో పలికే అక్షరాలు, లేకుండా చెబుతాడు. తెలుగులోనూ నిరోష్ఠ్య కావ్యాలు పుట్టాయి. అయితే కవికి ఒక వెసులుబాటు ఉంది. కష్టమైన అక్షరాన్ని తప్పించుకుని వేరే మాట వెతుక్కోవచ్చు. సభలో ఎవరో పేరడిగి ‘బాలమ్మ’ అంటే, బొమ్మ ఆ పేరు పలికి తీరాలి. డన్హమ్ అయితే ఏరికోరి తన బొమ్మల్లో ఒకదానికి బబ్బా జే అని, ఇంకోదానికి పీనట్ అని పేర్లు పెట్టాడు. ఒక పేరులో రెండు బకారాలు, ఒకటి పకారంతోనే మొదలు. మేకులు కొట్టిన దారిలో కావాలని చెప్పుల్లేకుండా నడవడమే ఇది.

ఇక గొంతు బొమ్మ నోట్లోంచి వస్తున్నట్టు ఎందుకనిపిస్తుంది? ‘గొంతు విసరడం’ అన్నది ఉత్తమాట. గొంతును ఎవరూ ఎక్కడికీ విసరలేరు. చప్పుడు ఎటు నుంచి వస్తోందో తేల్చుకునే విషయంలో మన మెదడు చెవికంటే కంటినే ఎక్కువ నమ్ముతుంది. సినిమా హాల్లో స్పీకర్లు గోడలకీ తెర వెనకా ఉంటాయి. అయినా తెర మీద హీరో పెదవి కదిలితే మాట అక్కడి నుంచే వచ్చినట్టుంటుంది. కాబట్టి వెంట్రిలాక్విస్టుకు తన పెదవులు ఆపుకోవడం సగం పని, బొమ్మ దవడను మాటకు సరిగ్గా కదపడం మిగతా సగం. బొమ్మ మాట్లాడనప్పుడు కూడా ఊరుకోకూడదు. వినాలి, తల తిప్పాలి, విసుక్కోవాలి. వాల్టర్ బాగా నవ్వించేది మాట్లాడేటప్పుడు కాదు, డన్హమ్ మాట విని మెల్లగా జనం వైపు తిరిగి చూసే ఆ రెండు క్షణాల్లో.

డన్హమ్ పుట్టింది 1962లో, ఇప్పుడు మనవాళ్లు వీధివీధినా కనిపించే డాలస్‌లో. పసిగుడ్డుగా ఉన్నప్పుడే ఒక జంట దత్తత తీసుకుంది. వాళ్లకు ఒక్కడే బిడ్డ. ఎనిమిదేళ్లప్పుడు క్రిస్మస్‌కు అమ్మానాన్నలు మోర్టిమర్ స్నర్డ్ అనే ఆటబొమ్మ కొనిచ్చారు. మర్నాడే లైబ్రరీకి వెళ్లి ఈ విద్య నేర్పే పుస్తకం తెచ్చుకున్నాడు. ఆ పుస్తకం తిరిగి ఇవ్వలేదు. మూడో తరగతిలోనే దొంగనయ్యానని పెద్దయ్యాక తనే చెప్పుకున్నాడు.

ఆ ఆటబొమ్మకు ఒక వంశం ఉంది. మోర్టిమర్ స్నర్డ్ అసలు సృష్టికర్త ఎడ్గర్ బెర్గెన్. 1937 నుంచి అమెరికా రేడియోను ఏలినవాడు. రేడియోలో వెంట్రిలాక్విజం అంటే వినడానికే విడ్డూరం. పెదవులు కదిలితే ఎవడు చూస్తాడు? నిజానికి బెర్గెన్ పెదవులు బాగానే కదిలేవి. ఆ సంగతిని ఎత్తిపొడిచేది అతని పెద్దబొమ్మ చార్లీ మెకార్తీయే. టోపీ, ఒంటికంటి అద్దం పెట్టుకుని, వచ్చిన అతిథులందరినీ ఆటపట్టించే ఆ కొయ్యకుర్రాడి కోసం జనం ప్రతి ఆదివారం రేడియో ముందు కూర్చున్నారు. సినిమా అకాడమీ బెర్గెన్‌కి ఆస్కార్ ఇస్తూ కొయ్యతో చేయించింది, దవడ కూడా కదిలేలా. వినోద చరిత్రలో ఇంత విచిత్రమైన సాక్ష్యం మరొకటి దొరకడం కష్టం. పెదవుల విద్య కంటికి కనపడని చోట నిలిచి గెలిచిందంటే, జనం ప్రేమించింది విద్యను కాదు, మనిషిని.

టీవీ వచ్చాక లెక్క తారుమారైంది. బ్రిటన్‌లో పీటర్ బ్రో అనే ఆయన ఆర్చీ ఆండ్రూస్ బొమ్మతో రేడియోలో లక్షలమందిని అలరించి, తర్వాత టీవీకి వస్తే కెమెరా ఆయన పెదవుల గుట్టు రట్టు చేసింది. అమెరికాలో 1950లలో టీవీని తట్టుకున్నవాళ్లలో పాల్ విన్చెల్ ముఖ్యుడు. జెర్రీ మహోనీ బొమ్మతో పిల్లల గుండెల్లో ఉండేవాడు. అదే మనిషి 1963లో కృత్రిమ గుండెకు పేటెంటు కూడా తీసుకున్నాడంటే నమ్మబుద్ధి కాదు. తన కార్యక్రమం టేపుల్ని చెరిపేసినందుకు టీవీ సంస్థ మీద దావా వేసి, 1986లో కోటీ 78 లక్షల డాలర్ల తీర్పు సంపాదించాడు. డబ్బు వచ్చింది, టేపులు రాలేదు.

మరొకడు జిమ్మీ నెల్సన్. చాక్లెట్ పొడి ప్రకటన కోసం పరీక్షకు వెళ్లిన రోజున కంగారుతో అరచేయి చెమటపట్టింది. ఫార్‌ఫెల్ అనే కుక్కబొమ్మ పాట చివర ‘చాక్లెట్’ అని సాగదీసి పలికాక, దవడను పట్టుకున్న వేలు జారింది. నోరు టప్పున మూసుకుంది. అయిపోయింది, అవకాశం పోయింది అనుకున్నాడు. కంపెనీవాళ్లకు ఆ టప్పుమన్న చప్పుడే నచ్చింది. అలాగే ఉంచమన్నారు. 1955 నుంచి పదేళ్లపాటు అమెరికా పిల్లలు ఆ చప్పుడు కోసం ఎదురుచూశారు. ఈ నెల్సన్ విడుదల చేసిన ‘వెంట్రిలాక్విజం నేర్చుకోండి’ తరహా గ్రామఫోన్ రికార్డే డాలస్ కుర్రాడికి గురువు. పుస్తకం, రికార్డు, అద్దం. ఈ విద్యలో బడి అంటే అంతే.

మరి పోటీ ఎక్కడ దొరుకుతుంది? కెంటకీ రాష్ట్రంలో ఫోర్ట్ మిచెల్ అనే ఊరు ఉంది. అక్కడ వందలాది వెంట్రిలాక్విస్టు బొమ్మల్ని కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టిన వెంట్ హేవెన్ మ్యూజియం, ఆ చుట్టుపక్కలే ఏటేటా ఈ వృత్తివాళ్ల సమావేశం. ఆరో తరగతిలో మొదలుపెట్టి డన్హమ్ అక్కడికి వెళ్తూనే ఉన్నాడు. కొన్నాళ్లకు నిర్వాహకులు అతన్ని ‘విరమించిన విజేత’ అని ప్రకటించి పోటీ నుంచి తప్పించారు. ఇతనుంటే మిగతావాళ్లు జంకుతున్నారని.

కాలేజీ రోజుల నాటికే ఇది సంపాదనగా మారింది. బేలర్ విశ్వవిద్యాలయంలో చదువుతూ వారాంతాల్లో విమానాలెక్కి ఏడాదికి వంద దాకా ప్రైవేటు కార్యక్రమాలు చేసేవాడు. మూడో ఏట 70 వేల డాలర్లు సంపాదించాడు. ఎక్కువగా కంపెనీల సభలు. అక్కడ గిరాకీ దేనికో గమనించాలి. జనరల్ ఎలక్ట్రిక్ లాంటి చోట బొమ్మ నేరుగా సంస్థ అధిపతి జాక్ వెల్చ్‌నే ఆటపట్టించేది. పై అధికారిని పేరుపెట్టి ఎగతాళి చేయగలిగిన ఉద్యోగి ఆ హాల్లో ఒక్కడూ లేడు, డబ్బు తీసుకుని వచ్చిన కళాకారుడికీ అంత ధైర్యం చాలదు. కొయ్యముక్కకు ఉద్యోగం ఊడదు.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. రామాయణం మధ్యలో కేతిగాడూ బంగారక్కా దూరి, ఊరి మోతుబరిని కూడా వదలకుండా ఏకిపారేస్తారు. మోతుబరి కూడా నవ్వుతాడు, నవ్వక చస్తాడా. ఆ మాట అన్నది తోలు మరి. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యం వంత ఉండి, కథకుడు గంభీరంగా చెప్పినదాన్ని గిల్లుతూ ఉంటాడు. వెంట్రిలాక్విస్టు చేసేది ఆ ఇద్దరి పనీ ఒక్కడే చేయడం. ఇందులో కథకుడి పాత్రే కష్టం. ఎప్పుడూ ఓడిపోవాలి. అడిగిన ప్రశ్నకు అవమానకరమైన జవాబు వచ్చాక, దాన్ని రాసుకున్నది తనే అయినా, ఇప్పుడే విన్నట్టు మొహం పెట్టాలి.

1988లో లాస్ ఏంజెలస్ చేరాక డన్హమ్‌కు ఎదురైంది జనం కాదు, తోటి కమెడియన్లు. ఆ నగరపు క్లబ్బుల్లో మైకు, మనిషి, తన బతుకు గురించి తను చెప్పే మాట, ఇవే అసలు కామెడీ. బొమ్మ పట్టుకొచ్చినవాడు వాళ్ల దృష్టిలో సామాన్లు మోసుకొచ్చే గారడీవాడు. ఇందులో అసూయ కొంత, న్యాయం కొంత. బొమ్మ ఉంటే సగం నవ్వు ఊరికే వచ్చేస్తుందన్నది వాళ్ల ఫిర్యాదు. నిజమే, ఆ సగం నవ్వు మొదటి రెండు నిమిషాలకే. మూడో నిమిషం నుంచి బొమ్మకు స్వభావం లేకపోతే చేతి మీద చచ్చిన బరువే మిగులుతుంది. టునైట్ షోకు కమెడియన్లను ఎంపిక చేసే మనిషి డన్హమ్‌కు ‘ఇంకా సిద్ధం కాలేదు’ అని చెప్పి తిప్పి పంపడం వెనకున్నది అదే తూకం.

ఆ స్వభావం వాల్టర్ రూపంలో వచ్చింది. కార్సన్ షోలోనే వయసు మళ్లిన నటి బెట్టీ డేవిస్ ఇచ్చిన ఇంటర్వ్యూ చూసి డన్హమ్‌కు ఆ బొమ్మ తట్టింది. ఎవరేమనుకుంటారో అన్న జంకు లేకుండా నోటికొచ్చింది చెప్పే పండు వయసు ఆమెది. ఆ నిర్లక్ష్యాన్ని ముసలాయనకిచ్చి, తల మూసను తనే తయారుచేసుకున్నాడు. పాతకాలపు చెక్కబొమ్మల్లో కుర్రవాడు పెద్దవాణ్ణి ఏడిపిస్తాడు. బెర్గెన్ దగ్గర చార్లీ అలాంటివాడే. వాల్టర్ దగ్గర ఆ లెక్క తిరగబడింది. కుర్రాడు బుద్ధిగా ప్రశ్నలడుగుతాడు, ముసలాయన పెళ్లినీ ప్రభుత్వాన్నీ ఎదురుగా కూర్చున్న జనాన్నీ తిడతాడు. పీనట్ సంగతి వేరు. ఊదారంగు ఒళ్లు, తలమీద పచ్చజుట్టు, ఏ జంతువో తెలియదు, అల్లరే జాతి. ఒక చేతిమీద పీనట్, పక్కన పుల్లకు గుచ్చిన మిరపకాయ హోసే, మధ్యలో డన్హమ్. ముగ్గురూ ఒకరి మాట ఒకరు తుంచుకుంటూ వాదించుకునే ఘట్టంలో అతని నైపుణ్యం బాగా తెలుస్తుంది. మూడు గొంతుల మధ్య ఊపిరి తీసుకునే సందు ఎక్కడుందో వెతికినా దొరకదు.

కార్సన్ సోఫా తర్వాత దారి పూలబాట కాలేదు. 1998లో అమెరికన్ కామెడీ అవార్డుల్లో ఉత్తమ స్టాండప్ కమెడియన్‌గా ఎంపికయ్యాడు. క్లబ్బులు నిండుతున్నాయి. కామెడీ సెంట్రల్ చానల్ 2003లో అరగంట కార్యక్రమం ఇచ్చి అక్కడితో ఆగిపోయింది. ఇతను తమ చానల్ తరహా మనిషి కాదని వాళ్ల లెక్క. నగరాల కుర్రకారు చూసే చానల్లో బొమ్మలాట ఏమిటని.

అప్పుడు డన్హమ్ చేసిన పని మన సినిమావాళ్లకు బాగా అర్థమవుతుంది. బయ్యర్ దొరకలేదు కాబట్టి సొంత డబ్బు పెట్టి తీశాడు. కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో నిండు హాల్లో చేసిన ప్రదర్శనను చిత్రీకరించి డీవీడీగా తెచ్చాడు. 2006లో అదే కామెడీ సెంట్రల్ దాన్ని ప్రసారం చేస్తే 20 లక్షల మంది చూశారు. 2007లో వాషింగ్టన్‌లో చిత్రీకరించిన రెండోదానిలో అక్‌మెద్ అనే ఎముకల గూడు బొమ్మ వచ్చింది. ఆత్మాహుతికి బయల్దేరి పొరపాటున తననే పేల్చుకున్న చేతకాని తీవ్రవాది. ఆ ముక్క యూట్యూబ్‌లో పడి, అప్పటికి లోకంలో అత్యధికులు చూసిన వీడియోల్లో ఒకటైంది. 2008 నవంబరులో క్రిస్మస్ కార్యక్రమాన్ని 66 లక్షల మంది చూశారు. ఆ చానల్ చరిత్రలో అప్పటిదాకా ఏ కార్యక్రమానికీ అంతమంది రాలేదు. 2007 సెప్టెంబరు నుంచి 2010 ఆగస్టు దాకా సాగిన పర్యటనలో 386 వేదికలు, దాదాపు 20 లక్షల టికెట్లు. గిన్నిస్ పుస్తకానికెక్కింది.

అంత ఊపులో ఉండగా 2009 అక్టోబరులో అతని పేరుతోనే వారం వారం వచ్చే కార్యక్రమం మొదలైంది. తొలి ఎపిసోడ్‌ను 53 లక్షల మంది చూశారు, అదీ చానల్‌కు రికార్డే. ఏడు ఎపిసోడ్లతో కథ ముగిసింది.

ఏం జరిగింది? విమర్శకులు చీల్చి చెండాడారన్నది నిజమే. వాళ్లు అంతకుముందూ మెచ్చుకోలేదు. అసలు తేడా మరోచోట ఉంది. స్టేజీ మీద బొమ్మకు ఇద్దరు తోడు. ఒకరు వాదనలో ఓడిపోయే మనిషి, రెండోవారు ఎదురుగా కూర్చుని ఆ ఓటమికి సాక్ష్యం చెప్పే జనం. వారపు కార్యక్రమం బొమ్మల్ని స్టేజీ దించి బయటి ప్రపంచంలోకి తీసుకెళ్లింది. మామూలు మనుషుల మధ్య, ముందే చిత్రీకరించిన ముక్కల్లో వదిలింది. అక్కడ బొమ్మ మాటకు బిక్కమొహం వేయాల్సినవాళ్లు దారినపోయేవాళ్లు. వాళ్లు వేయగలిగేది నిజమైన ఇబ్బంది మొహం, అది నవ్వు పుట్టించదు. పైగా ఎడిటింగ్‌లో ఒక ముక్క తర్వాత ఒక ముక్క వస్తుంటే, ఒకే గొంతు, ఒకే ఊపిరి, ఇప్పుడు, మన కళ్ల ముందే అన్న థ్రిల్లు పోతుంది. ముక్కలుగా కత్తిరించిన చోట ఎవరైనా వెంట్రిలాక్విస్టే. డబ్బింగు అంటే అదేగా. 66 లక్షల మందిని కూర్చోబెట్టినది టీవీ కార్యక్రమం కాదు, టీవీలో చూపిన స్టేజీ. చానల్‌వాళ్లు ఆ రెంటినీ ఒకటే అనుకున్నారు. డన్హమ్ ఆ తప్పు మళ్లీ చేయలేదు. తర్వాత ఎన్‌బీసీకైనా నెట్‌ఫ్లిక్స్‌కైనా అతను ఇచ్చినది ఏదో ఒక ఊళ్లో, హాలు నిండా జనం ముందు, మొదటి నుంచి చివరిదాకా తీసిన ప్రదర్శనే.

తప్పు బదలాయింపుకు ఒక హద్దు ఉందన్నది అక్‌మెద్ చెప్పే కథ. హోసే మెక్సికన్ యాస, అక్‌మెద్ అరబ్బు పేరు. నల్లజాతి దళారీగా కనిపించే స్వీట్ డాడీ డీ అన్న బొమ్మ ఉండనే ఉంది. జాతుల మీద అరిగిపోయిన హాస్యాన్ని బొమ్మ నోట్లో కుక్కి చేతులు కడుక్కుంటున్నాడని విమర్శలు గట్టిగానే వచ్చాయి. 2008లో దక్షిణాఫ్రికాలో అక్‌మెద్‌తో చేసిన రింగ్‌టోన్ ప్రకటనను అక్కడి ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆపించింది. 2014లో మలేషియా ప్రదర్శనలో ఆ పేరు వాడొద్దని అధికారులు కోరితే, డన్హమ్ అదే ఎముకల గూడును ‘చనిపోయిన ఫ్రెంచి తీవ్రవాది’గా మార్చి, ఫ్రెంచి బూతు మాటొకటి ఇంటిపేరుగా పెట్టి దింపాడు. తెలివైన ఎత్తే. కానీ పేరు మారిస్తే సరిపోయిందంటే, మొదటి పేరు అక్కడ చేస్తున్న పనేమిటన్న ప్రశ్న లేస్తుంది. వాల్టర్ మెక్‌మాన్‌ను తిట్టినప్పుడు దెబ్బ తిన్నవాడు అతనికంటే పెద్దవాడు, పక్క సోఫాలోనే ఉన్నాడు, నవ్వగలిగాడు. హాల్లో లేని జనం మీదికి అదే దెబ్బ వెళ్లినప్పుడు ‘అన్నది బొమ్మ’ అన్న సాకు పలచబడుతుంది. అతని ప్రేక్షకుల్లో చాలామంది ఈ వాదనను పట్టించుకోలేదన్నదీ అంతే నిజం, టికెట్లు చెబుతూనే ఉన్నాయి.

డన్హమ్ పేరు మోగిపోతున్న ఏడాదే, 2007లో, టెర్రీ ఫేటర్ ‘అమెరికాస్ గాట్ టాలెంట్’ గెలిచాడు. బొమ్మల చేత ప్రసిద్ధ గాయకుల గొంతులతో పాడించడం అతని ప్రత్యేకత. మరుసటేడు లాస్ వేగస్‌లోని మిరాజ్ హోటల్‌తో పది కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అదే పోటీని 2015లో పాల్ జెర్డిన్, 2017లో పన్నెండేళ్ల డార్సీ లిన్ గెలిచారు. పోటీ కార్యక్రమాలు ఈ విద్యకు ఇంత కలిసిరావడానికి కారణం పైన చెప్పిందే. ఎదురుగా జనం, కత్తిరింపు లేని ఒకటిన్నర రెండు నిమిషాలు, పక్కన బల్లపై ఆటపట్టించడానికి దొరికే న్యాయనిర్ణేతలు. బ్రిటన్‌కు చెందిన నీనా కాంటి అయితే ఇంకో మెలిక పెట్టింది. ప్రేక్షకుల్లోంచి మనిషిని పిలిచి, దవడ కదిలే సగం ముసుగు తొడిగి, ఆ మనిషి చేతే తను మాట్లాడిస్తుంది. మాట తనది కాదని తెలిసినా ఆ మనిషి సిగ్గుతో మెలికలు తిరిగిపోతుంటాడు. ఓడిపోయేవాడి పాత్ర ఇక్కడ బొమ్మకే వచ్చిపడింది.

మన దేశంలో ఈ వృత్తికి పెద్ద పేరు ముంబైకి చెందిన రామదాస్ పాధ్యే. తండ్రి నుంచి వచ్చిన అర్ధవట్‌రావ్ బొమ్మతో మొదలై, అప్పడాల ప్రకటనలో కుందేలుగా, 1993 నాటి మరాఠీ సినిమాలో భయపెట్టే తాత్యా వించుగా ఆయన పని దేశమంతా చేరింది. తెలుగునాట మాత్రం వెంట్రిలాక్విజం ఎక్కువగా మిమిక్రీ కార్యక్రమంలో పది నిమిషాల ముక్కగానే మిగిలింది. వినాయక చవితి పందిట్లో, కాలేజీ వార్షికోత్సవంలో, మ్యాజిక్‌కీ మిమిక్రీకీ మధ్య ఓ కోతిబొమ్మ వచ్చి ముందు వరసలోని ప్రిన్సిపాల్‌ని పలకరించి వెళ్లిపోతుంది. ఇది ప్రతిభ లేక కాదు. వరంగల్లు నుంచి నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో తెలిసిందే. కానీ మిమిక్రీకి పెట్టుబడి జనానికి ముందే తెలిసిన గొంతు. ఎన్టీఆర్ డైలాగు మొదటి ముక్క వినగానే చప్పట్లు మొదలవుతాయి. వెంట్రిలాక్విస్టు ఎవరికీ తెలియని మనిషిని పుట్టించి, పెంచి, జనానికి చుట్టరికం కలపాలి. దానికి పది నిమిషాలు చాలవు, ఏళ్ల తరబడి అదే బొమ్మతో అవే ఊళ్లు తిరగాలి. డన్హమ్‌కు వాల్టర్ పుట్టాక సొంత డీవీడీ రావడానికి పదిహేనేళ్లకు పైనే పట్టింది.

అన్నేళ్లలో ఒక మార్పు చప్పుడు లేకుండా జరిగిపోయింది. కార్సన్ సోఫాలో కూర్చున్న రోజున డన్హమ్ నున్నటి మొహపు కుర్రాడు, అతని పక్కన వాల్టర్ తాతలా ఉన్నాడు. కుర్రాడి ప్రశ్నకు ముసలాయన విసుక్కోవడమే ఆ జంట బలం. బొమ్మ మొహానికి వయసు రాదు. డన్హమ్ ఇప్పుడు అరవై దాటాడు, పెళ్లీ విడాకులూ మళ్లీ పెళ్లీ చూశాడు, అయిదుగురు పిల్లల తండ్రి. ఈ కాలం పిల్లల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి వాల్టర్ సణిగితే, పక్కనున్నాయన కూడా కాస్త తల ఊపేలా ఉన్నాడు. బొమ్మతో వాదించి ఓడిపోవడం ఇన్నాళ్లూ అతని పని. ఇప్పుడు ఒప్పుకోకుండా ఉండటమే కష్టంగా కనిపిస్తోంది.